కంటిలోని పొర – కొన్ని పాత సంగతులు

మొన్న సంక్రాంతికి ముందు నా కుడికంటికి శుక్లం తీసి కటకం అమర్చారు. బల్లమీద ఉన్నది పావుగంట. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి భోజనం చేశాను. ఆసుపత్రి వారిచ్చిన జాగ్రత్తల కాగితంలో ఒక పంక్తి చూసి నాలో నేనే నవ్వుకొన్నాను. కొన్నాళ్ళపాటు గట్టిగా తుమ్మరాదు, దగ్గరాదట. మిత్రులారా, ఈ మాట సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలోనే ఉన్నది.

ఉత్తరతంత్రం డెబ్బైయారు నేత్రరోగాలను లెక్కించింది. వాటిలో లింగనాశం ఒకటి. కఫం వలన కలిగిన లింగనాశానికి మాత్రమే శస్త్రం పనికివస్తుందని దాని నిర్ణయం. రోగిని తన ముక్కు వైపు చూడమంటారు. నల్లగుడ్డుకు కాస్త దూరంగా, కణత వైపు తెల్లగుడ్డులో, యవగింజ మొనవంటి మొన గల శలాకతో పొడుస్తారు. ఎడమకంటికి కుడిచేయి, కుడికంటికి ఎడమచేయి వాడాలి. పిమ్మట చనుబాలతో కంటిని తడుపుతారు. రోగికి వస్తువులు కనబడగానే శలాకను మెల్లగా వెలికి తీసి, నేయి వేసి, కట్టు కట్టి, వెల్లకిల పరుండబెడతారు. త్రేన్పు, దగ్గు, తుమ్ము, ఉమ్మి అన్నీ నిషిద్ధాలు.

ఇక్కడ పండితునిగా ఒక చిన్న మాట. నేడు మనం శుక్లమంటున్నది ప్రాచీనుల లింగనాశం. వారి గ్రంథాలలోని శుక్ర, శుక్ల శబ్దాలు నల్లగుడ్డు పైభాగాన వచ్చే రోగాన్ని, అంటే మనవాళ్ళు ‘కంటిలో పువ్వు’ అనే దానికి దగ్గరి దానిని చెబుతాయి. పువ్వు వేరు, పొర వేరు. పాత గ్రంథాలు చదివేవారు ఈ తేడా మరచిపోతే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

ఆ శలాక చేసిన పని పొరను తీయడం కాదు. మసకబారిన కటకాన్ని కంటిలోపలికి తోసివేయడం. తెర తొలగినట్లు వెలుతురు లోపలికి వస్తుంది, రోగి మనుషులను పోల్చుకొంటాడు, వైద్యుడు కానుక పుచ్చుకొని వెళ్ళిపోతాడు. వారాల తరువాత కన్ను చీము పట్టినా, లోపలి ఒత్తిడి పెరిగి చూపు పోయినా చూడటానికి అతడు ఊళ్ళో ఉండడు. ఐరోపాలోనూ ఇదే కథ. సంగీతకర్త బాఖ్‌కు 1750లో జాన్ టేలర్ అనే ఊరూరు తిరిగే వైద్యుడు ఇలాగే చేశాడు. బాఖ్ చూపు నిలువలేదు, ఆ జూలైలోనే ఆయన మరణించాడు. మన చెన్నపట్టణపు ప్రభుత్వ నేత్రాసుపత్రికి అధికారిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్ అటువంటి వైద్యుల చేతిలో చెడిన కళ్ళను ఎన్నో పరీక్షించి, 1917లో లండనులో ఉపన్యాసాలిచ్చి, దానిమీద ఒక పుస్తకమే వ్రాశాడు. నాటి మద్రాసు రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉన్నవని వేరే చెప్పనక్కరలేదు.

కటకాన్ని లోపలికి తోయక, కోసి వెలుపలికి తీయడం ఫ్రాన్సులో జాక్ దవియేల్‌తో 1747లో మొదలైంది. అయితే కటకం తీసిన కన్ను కటకం లేని కన్నే గదా! ఆ లోటు తీర్చేవి సోడాబుడ్డి కళ్ళద్దాలు.

మా అమ్మమ్మవి అటువంటివే. 1974లో మా ఊరి బడిలో పెట్టిన కంటి శిబిరంలో ఆవిడకు ఒక కంటికి ఆపరేషను జరిగింది. రెండు కళ్ళకూ కట్టు, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు. “అమ్మమ్మను నవ్వించకురా” అని మా అమ్మ నన్ను దూరంగా కూర్చోబెట్టింది. తరువాత ఆ అద్దాలతో మెట్టు ఎక్కడుందో తెలియక తడబడేది, గ్లాసు పట్టబోయి గాలిని పట్టేది. రెండవ కన్నుకు ‘పొర ముదరాలి’ అన్నారు. ఆ రోజులలో అది పూర్తిగా తప్పు సలహా కాదు. లేత పొరను తీస్తే జిగురు ముక్కలు లోపల మిగిలిపోయేవి. కాని ఎంతవరకు ముదరాలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. 1979 వేసవిలో ఒక రాత్రి కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు. పైత్యమనుకొని మూడు రోజులు నిమ్మరసమిచ్చాము. మరీ ముదిరిన పొర వలన కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని పట్నంలో చెప్పేసరికి ఆలస్యమైపోయింది. పొర కమ్మిన చూపు తిరిగివస్తుంది. నీటికాసులలోనూ, ఇలా ఒత్తిడి పెరిగినపుడూ నరంతో పోయిన చూపు తిరిగిరాదు. ఆ మూడు రోజుల నిమ్మరసం నాకు నేటికీ గుర్తే.

నాకు ఆశ్చర్యం కలిగించేదేమంటే, అప్పటికే ముప్పై యేళ్ళ క్రిందట లోటు తీరే దారి దొరికింది. రెండవ ప్రపంచయుద్ధంలో విమానపు పారదర్శక ప్లాస్టిక్ కప్పు పగిలి ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకొన్నవి. గోర్డన్ క్లీవర్ అనే పైలట్ అలా గాయపడినవారిలో ఒకడు. ఆ ముక్కలు లోపలే ఉన్నా కన్ను వాటిపై తిరగబడటం లేదని హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949 నవంబరు 29న లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆ జాతి ప్లాస్టిక్‌తో చేసిన కటకాన్ని ఒక రోగి కంటిలో అమర్చాడు. తోటి వైద్యులు మెచ్చుకోకపోగా చాలాకాలం వ్యతిరేకించారు. చివరి దశలో ఆయన కళ్ళకే అటువంటి కటకాలు పెట్టించుకొన్నాడు. 2000లో సర్ బిరుదు వచ్చింది, మరుసటి యేడు కన్నుమూశాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్, దంతవైద్యుని పరికరం చూసి, ధ్వని ప్రకంపనలతో పొరను నలగగొట్టి పీల్చే పద్ధతి కనిపెట్టాడు. దానితో పొర ముదిరేదాకా ఆగవలసిన పని తప్పింది. నిజానికి ముదిరితేనే పని కష్టం.

మన దేశంలో ధర అడ్డమైంది. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరలు పోయినా శస్త్రం పట్టడం మళ్ళీ నేర్చుకొన్న గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో పదకొండు పడకలతో అరవింద్ నేత్రాసుపత్రి పెట్టారు. 1992లో అక్కడి ఆరోలాబ్ కటకాలు తయారుచేయసాగాక వాటి ధర సామాన్యునికి అందింది. మన హైదరాబాదులో 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థను నెలకొల్పారు.

నా ఎడమకంటికి ఇంకా పొర ఉన్నది. ఆ కంటితో చూస్తే నా పంచె పసుపునీళ్ళలో ముంచినట్లుంటుంది, కుడికంటితో మల్లెపూవు. ఇంటావిడను ఇన్నాళ్ళూ చాకలి విషయమై అనవసరంగా సాధించానని తేలింది. “ఇది ఇంకా ముదరలేదేమో” నని మా తమ్ముడు ఫోనులో అన్నాడు. ఉగాది తరువాత తేదీ తీసుకొన్నానని చెప్పాను.