అప్పగించాక ఎవరు వెళ్లి చూస్తారు?

ఎస్తేరు గ్రంథం చదివేటప్పుడు మనం విందు దగ్గర ఆగుతాం, కిరీటం దగ్గర ఆగుతాం, హామాను ఉరికొయ్య దగ్గర బాగా ఆగుతాం. రెండో అధ్యాయంలో ఉన్న ఒక చిన్న సంగతిని మాత్రం దాటి వెళ్లిపోతాం. అమ్మానాన్నలు లేని ఎస్తేరును పెంచింది మొర్దెకై. రాజు మనుషులు ఆమెను తీసుకుపోయి అంతఃపురంలో ఉంచాక, ఇక ఆమె సంగతి రాజుగారు చూసుకుంటారులే అని అతను ఇంట్లో కూర్చోలేదు. రోజూ ఆ స్త్రీల ఇంటి ముంగిట తిరుగుతూ ఆమె ఎలా ఉందో కనుక్కునేవాడు. అయినా రోజూ వెళ్లడం మానలేదు, అంతే.

ఈసారి చెప్పుకునే చరిత్రలో అలా వాకిట తిరిగిన మనిషి లేడు. అది ఇంగ్లండులో జరిగింది.

వేల్స్ దేశంలో న్యూపోర్ట్ అనే ఊళ్లో ఓ'నీల్ అనే పేద కుటుంబం ఉండేది. పిల్లల్ని సరిగా చూసుకోవడం లేదని కోర్టు వాళ్లను తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసి ఊరి కౌన్సిల్‌కు అప్పగించింది. 1944 వేసవిలో వారిలో డెనిస్‌ను, అతని తమ్ముడు టెరెన్స్‌ను పక్క దేశమైన ఇంగ్లండులో ష్రాప్‌షైర్ జిల్లాకు పంపారు. మిన్‌స్టర్లీ దగ్గర కొండల మధ్య బ్యాంక్ ఫార్మ్ అనే ఒంటరి పొలం ఇల్లు. అక్కడ రెజినాల్డ్ గాఫ్, అతని భార్య ఉండేవారు. (ఆమె పేరు కూడా ఎస్తేరే. ఆ పేరు చదివినప్పుడు మా చెయ్యి కాసేపు పేజీ మీదే ఆగిపోయింది.) పిల్లల్ని ఉంచుకున్నందుకు కౌన్సిల్ వాళ్లకు డబ్బు చెల్లించేది. ఇది దత్తత కాదు. దత్తతలో బిడ్డ మనవాడైపోతాడు, ఇంటిపేరూ ఆస్తీ వస్తాయి. ఇది ఫాస్టర్ కేర్, అంటే బిడ్డ బాధ్యత ప్రభుత్వానిదే, అన్నం పెట్టి కనిపెట్టుకోవడం ఆ కుటుంబం పని. కాబట్టి అప్పగించినవాళ్లు మధ్యమధ్య వెళ్లి చూసి రావాలి. ఆ నిబంధన అప్పటికే ఇంగ్లండులో కాగితం మీద ఉంది.

ఎవరు చూడాలి? పంపింది న్యూపోర్ట్ కౌన్సిల్, పిల్లలున్నది ష్రాప్‌షైర్ హద్దులో. పైగా అది యుద్ధకాలం, ఆఫీసుల్లో మనుషులు తక్కువ. మన దగ్గర రెండు మండలాల సరిహద్దులో రోడ్డుకు గుంట పడితే ఏమవుతుందో మీకు తెలుసు. అక్కడ పిల్లల విషయంలో అదే జరిగింది.

డిసెంబరు 20న న్యూపోర్ట్ నుంచి ఒక యువ ఉద్యోగిని ఆ పొలం ఇంటికి వెళ్లింది. డెనిస్‌ను చూడగానే వాడికి ఒంట్లో బాగాలేదని ఆమెకు అర్థమైంది. డాక్టరుకు చూపించమంది. తిరిగి వెళ్లి, పిల్లల్ని అక్కడినుంచి తీసెయ్యాలని చెప్పింది. తరువాత క్రిస్మస్ వచ్చింది. కొత్త సంవత్సరం వచ్చింది. ఆమె చెప్పిన మాట మీద ఎవరూ కదలకముందే, 1945 జనవరి 9న డెనిస్ చనిపోయాడు. వాడికి 12 ఏళ్లు. ఒళ్లు చిక్కిపోయి ఉంది, పాదాలకు పుండ్లు, ఛాతీమీదా వీపుమీదా దెబ్బలు. ఆకలికి పొలంలోని దుంప ఒకటి కొరుక్కున్నందుకు వాణ్ణి కొట్టారని తరువాత బయటపడింది.

క్రిస్మస్ గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఇరవై రోజులూ ఆ దేశమంతటా గుళ్లలో పశువుల తొట్టెలో పడుకోబెట్టిన శిశువు గురించి పాటలు పాడారు. మా సంఘంలో కూడా ఏటా పాడతాం. ఆ పాటలు పాడినవాళ్లు చెడ్డవాళ్లని మేము అనడం లేదు. ఒక కాగితం ఒక బల్ల మీదనుంచి ఇంకో బల్ల మీదకు వెళ్లడానికి పండుగ సెలవులు అడ్డొచ్చాయి, అంతే.

ఆ మార్చిలో విచారణ జరిగింది. పదేళ్ల టెరెన్స్ బోనులో నిలబడి, తాను చూసింది చెప్పాడు. గాఫ్‌కు ఆరేళ్లు, భార్యకు ఆరు నెలలు జైలు పడింది. ప్రభుత్వం సర్ వాల్టర్ మాంక్టన్ అనే న్యాయవాదితో వేరే విచారణ చేయించి మే నెలలో నివేదిక బయటపెట్టింది. అగాథా క్రిస్టీ ఈ ఘటన మనసులో పెట్టుకొని 1947లో ఒక రేడియో నాటిక రాసింది. అదే పెరిగి ‘ది మౌస్‌ట్రాప్’ అనే నాటకమై, 1952 నుంచి లండన్‌లో ఆడుతూ వచ్చింది. దాన్ని చూసి వచ్చిన లక్షలమందిలో డెనిస్ పేరు తెలిసినవాళ్లు ఎంతమందో!

చట్టం డెనిస్ చనిపోవడం వల్లే వచ్చిందని చాలామంది రాస్తారు. అది సగమే నిజం. ఆ సంఘటనకు ఆరు నెలల ముందే ఒక స్త్రీ గొంతెత్తింది. ఆమె పేరు మార్జరీ ఆలెన్, లేడీ ఆలెన్ ఆఫ్ హర్ట్‌వుడ్ అంటారు. వృత్తికి తోటలు రూపొందించే మనిషి. యుద్ధకాలంలో పిల్లల కోసం పని చేస్తూ, ప్రభుత్వ వసతిగృహాల్లోనూ ఆశ్రమాల్లోనూ ఉన్న పిల్లల స్థితి చూసింది. 1944 జులై 15న ‘ది టైమ్స్’ పత్రికలో ఆమె ఉత్తరం వచ్చింది. ఈ పిల్లల్ని ఎవరు చూస్తున్నారు, ఎలా చూస్తున్నారు, విచారణ జరిపించండి అని అడిగింది. ఆ ఉత్తరం వెనకాల ఉత్తరాలు వరదలా వచ్చాయి. వాటిలో అలాంటి ఆశ్రమాల్లో పెరిగి పెద్దవాళ్లైనవారు రాసినవి కూడా ఉన్నాయి. డిసెంబరులో, అంటే డెనిస్ ఇంకా బతికుండగానే, ప్రభుత్వం విచారణకు ఒప్పుకుంది.

మైరా కర్టిస్ అనే ఆమె అధ్యక్షతన ఏర్పడిన కమిటీ నాలుగు వందలకు పైగా వసతిగృహాలు తిరిగి చూసింది. సొంత ఇంటికి దూరమైన పిల్లలు ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 1,25,000 మంది ఉన్నారని తేల్చింది. 1946లో వచ్చిన ఆ నివేదిక అన్ని చోట్లా క్రూరత్వమే ఉందని రాయలేదు. అన్నం, బట్ట, శుభ్రత ఉన్న చోట కూడా ఆ పిల్లవాడు ఒక మనిషికి సొంతం అనే సంగతి లేదని ఎత్తిచూపింది. ప్రతి ప్రాంతంలో పిల్లల కోసమే ఒక అధికారి ఉండాలనీ, ఆ అధికారికి పిల్లలు పేరుపేరునా తెలియాలనీ కోరింది. 1948 బాలల చట్టం ఆ అధికారిని తెచ్చింది. అది ఆ ఏడాది జులై 5న అమల్లోకి వచ్చింది.

ఇంతవరకూ మాట్లాడినవాళ్లంతా పెద్దలే. పిల్లల తరఫున పెద్దలు మాట్లాడారు, బాగానే మాట్లాడారు. పిల్లల్నే పిలిచి కూర్చోబెట్టి అడగడానికి ఇంకో ఇరవై ఏడేళ్లు పట్టింది.

1975 జూన్‌లో నేషనల్ చిల్డ్రన్స్ బ్యూరో అనే సంస్థ సుమారు వందమంది పిల్లల్ని ఒక రోజు సమావేశానికి పిలిచింది. 12 నుంచి 16 ఏళ్లవాళ్లు, అందరూ ప్రభుత్వ సంరక్షణలో ఉన్నవాళ్లే. వాళ్లు చెప్పినవి 1977లో ‘హూ కేర్స్?’ అనే పుస్తకంగా వచ్చాయి. పెద్ద పెద్ద ఫిర్యాదులు వస్తాయనుకుంటాం. వచ్చిన వాటిలో ఒకటి బట్టల గురించి. వీళ్లకు బట్టలు కొనాలంటే చేతికి డబ్బు ఇవ్వరు, ఆఫీసువాళ్లు ఒక ఆర్డరు పుస్తకం ఇస్తారు. దుకాణంలో అందరి ముందూ అది తీసి చూపించాలి. వీడు ఎక్కడివాడో ఆ క్షణంలో దుకాణమంతటికీ తెలిసిపోతుంది. ఇంకొకటి, తమ భవిష్యత్తు గురించి అధికారులు సమావేశాలు పెట్టుకుంటారు, ఆ గదిలోకి తమను మాత్రం రానివ్వరు అని.

ఆ బట్టల మాట చదివినప్పుడు మాకు మన ఆశ్రమాలే కళ్లముందు కనపడ్డాయి. ఒకే తాను గుడ్డతో నలభైమందికి గౌన్లు, నలభైమందికి చొక్కాలు. మేము కూడా అలా కుట్టించి పంచాం. ఫొటో చాలా బాగా వచ్చింది.

ఆ పిల్లలు పెద్దవాళ్లై 1979లో సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. 1989లో వచ్చిన కొత్త బాలల చట్టంలో, నిర్ణయం తీసుకునే ముందు బిడ్డ మనసులో ఏముందో తెలుసుకోవాలని రాశారు. పద్దెనిమిదేళ్లు నిండగానే సంచి చేతికిచ్చి పంపేయకూడదని 2000లో ఇంకో చట్టం వచ్చింది. టెరెన్స్ ఓ'నీల్ మాత్రం తన అన్న కథను తన మాటల్లో పుస్తకంగా తెచ్చింది 2010లో. అరవై అయిదేళ్ల తరువాత.

మన దేశం సంగతి కూడా కొంచెం చెప్పాలి. 2015 బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ ఫాస్టర్ కేర్ గురించి, 46వ సెక్షన్ పద్దెనిమిదేళ్లు నిండి ఆశ్రమం వదిలేవాళ్లకు ఇచ్చే తోడ్పాటు గురించి ఉన్నాయి. బిడ్డ మాట వినాలని ఆ చట్టం మొదట్లోనే సూత్రంగా పెట్టారు. మిషన్ వాత్సల్య పథకం కింద పోషక కుటుంబంలో ఉన్న బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చు. పేదరికం వల్ల బిడ్డను ఆశ్రమంలో వెయ్యాలనుకునే తల్లికి, బిడ్డను ఇంట్లోనే ఉంచుకోమని స్పాన్సర్‌షిప్ కింద అంతే సొమ్ము ఇవ్వడానికి వీలుంది. ఈ రెండోది మన పల్లెల్లో చాలామందికి తెలియదు. మాకూ చాలాకాలం తెలియదు. భర్త పోయిన తల్లులు వస్తే, “ఆశ్రమంలో చేర్పించమ్మా, దేవుడు చూసుకుంటాడు” అని చెప్పి పంపినవాళ్లం మేము.

ఆ రోజుల్లో మేము వారానికోసారి ప్రార్థన చేయడానికి వెళ్లే ఒక ఆశ్రమం ఉండేది. ఇప్పుడు లేదు. అక్కడ పదకొండేళ్ల కుర్రవాడు ఒకడు పాదాల నిండా గజ్జితో గోడకు ఆనుకొని నిలబడి ఉండేవాడు. ఒకరోజు, “ఏం నాన్నా, బాగున్నావా?” అని అడిగాం. వార్డెన్ మా పక్కనే ఉన్నాడు. “బాగున్నానండీ అయ్యగారూ,” అన్నాడు. మేము వాడి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వచ్చేశాం. రెండు వారాలకు వాడు పారిపోయాడని తెలిసింది. విజయవాడ స్టేషన్‌లో దొరికాడని తరువాత విన్నాం. వాణ్ణి మళ్లీ చూడలేదు. డెనిస్ పాదాల గురించి చదివిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఆ ఒక్క కుర్రవాడి మూలంగా మేము పద్ధతి మార్చుకున్నాం. ఇప్పుడు పిల్లల్ని చూడ్డానికి వెళ్తే ఆఫీసు గదిలో కూర్చోం. బోరింగు దగ్గరో, చెట్టు కిందో, ఆటల మధ్యలోనో కూర్చుంటాం. వెళ్లిన మొదటి రోజు ఏమీ అడగం. మూడోసారో నాలుగోసారో వాళ్లే చెప్తారు. చెప్పింది పట్టించుకోవలసిన సంగతైతే 1098కి ఫోన్ చేస్తాం, లేదా జిల్లాలోని బాలల సంక్షేమ సమితికి రాసి ఇస్తాం. రాసి ఇచ్చాక తేదీ వేసుకొని, వారానికి మళ్లీ వెళ్లి అడుగుతాం. పండుగైనా సరే. దీనివల్ల మా మీద అలిగిన తోటి కాపరులు ఉన్నారు.

మొన్న ఒక అబ్బాయికి పద్దెనిమిది నిండాయి. ఏడేళ్లు ఆశ్రమంలో ఉన్నాడు, ఐటీఐలో చేరాలని కోరిక. తోడ్పాటు కోసం దరఖాస్తు పట్టుకొని జిల్లా కేంద్రానికి వాడితో కలిసి వెళ్లాం. ఏం మాట్లాడాలో దారిపొడుగునా మేమే చెప్తూ వచ్చాం. ఆఫీసు వరండాలో వాడు ఫైలు మా చేతిలోనుంచి తీసుకొని, “మీరు ఇక్కడ కూర్చోండి అయ్యగారూ, నేను చెప్పుకుంటాను” అన్నాడు. నలభై నిమిషాలు బల్లమీద కూర్చున్నాం. వచ్చాక ఏమన్నారురా అంటే, ఇంకో కాగితం కావాలన్నారట, మళ్లీ గురువారం రమ్మన్నారట. గురువారం వెళ్తున్నాం.