సొంత పడవకు బీమా.. చూసి తీసుకుంటేనే ధీమా

వరద తగ్గి గోదావరి నిమ్మళించగానే రేవుల్లో సందడి మొదలవుతుంది. కార్తీక మాసంలో వనభోజనాలకు లంకలకు వెళ్లేవారు, పాపికొండల అందాలు చూడవచ్చేవారు నది బాట పడతారు. పెద్ద లాంచీలతో పాటు సొంత విహారానికి చిన్న ఫైబర్ పడవలు సమకూర్చుకునేవారూ ఉన్నారు. పడవకు, ఇంజినుకు లక్షలు వెచ్చించినవారు బీమా దగ్గరకు వచ్చేసరికి ‘ప్రీమియం ఎంత తక్కువ’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోవడం మామూలే. అసలు చిక్కు అక్కడే ఉంది.

నది ఎంత ప్రశాంతంగా కనిపించినా ప్రమాదం చెప్పి రాదు. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిన పర్యాటక బోటులో 77 మంది ఉండగా, 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. అవి పెద్ద బోట్లే అయినా, ప్రమాదం జరిగిన తరువాత తలెత్తే బాధ్యత చిన్న పడవ యజమానికీ తప్పదు.

చట్టం ఏం చెబుతోంది?

1917 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో కొత్త చట్టాన్ని తెచ్చింది. దాని ప్రకారం నదులు, కాలువల్లో తిరిగే యంత్రచోదిత పడవలకు నమోదు, తనిఖీ ధ్రువపత్రం, అర్హత గల సిబ్బందితో పాటు బీమా కూడా అవసరం. పడవ వల్ల ఇతరులకు సంభవించే మరణం, గాయాలు, ఆస్తి నష్టం వంటి బాధ్యతలు ఆ బీమా పరిధిలోకి రావాలి. ఇంజిను లేని పడవల నమోదును ఆ చట్టం స్థానిక సంస్థలకు అప్పగించింది.

ఇక బీమా ఒప్పందానికి ఆధారం 1963 నాటి సముద్ర బీమా చట్టం. పేరులో సముద్రం ఉన్నా, నదిలో తిరిగే పడవల పాలసీలకూ దాని సూత్రాలే మార్గదర్శకం. ప్రభుత్వ రంగంలోని నాలుగు సాధారణ బీమా సంస్థలతో పాటు కొన్ని ప్రైవేటు సంస్థల వద్దా పడవల బీమాపై వాకబు చేయవచ్చు.

రెండు భాగాలు.. రెండూ ముఖ్యమే

మొదటిది పడవకు, ఇంజినుకు, సామగ్రికి కలిగే నష్టానికి రక్షణ. మునక, ఢీకొనడం, అగ్నిప్రమాదం, దొంగతనం వంటివి దీని కిందకు వస్తాయి. రెండోది ఇతరులకు జరిగిన నష్టానికి యజమాని చెల్లించవలసిన పరిహారం. మొదటి దానితోనే సరిపెట్టుకుంటే పడవ విలువ చేతికొచ్చినా, బాధితులకు ఇవ్వవలసిన పరిహారం కోసం ఇల్లూ పొలమూ అమ్ముకోవలసి రావచ్చు. యజమానికి, కుటుంబ సభ్యులకు వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా అవసరమేమో కూడా అడిగి తెలుసుకోవాలి.

అద్దెకు తిప్పితే అంతే సంగతులు

సొంత విహారానికని తీసుకున్న పాలసీలో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. పడవను అద్దెకు గాని, ప్రతిఫలం తీసుకుని గాని తిప్పరాదన్నదే అది. కార్తీకంలో రద్దీ చూసి తలకింతని వసూలు చేసి నలుగురిని లంకకు దాటించిన రోజునే ప్రమాదం జరిగితే, పరిహారం నిరాకరించేందుకు సంస్థకు అవకాశం దొరుకుతుంది. అద్దెకు తిప్పే ఉద్దేశం ఉంటే ముందే రాతపూర్వకంగా తెలిపి, ఎక్కువ ప్రీమియమైనా చెల్లించి, అందుకు తగిన పాలసీ పొందడమే క్షేమం.

చట్టం ప్రకారం పాలసీలోని హామీ షరతులను అక్షరాలా పాటించాలి. ఎందరు ఎక్కవచ్చు, ఏ రేవు నుంచి ఏ రేవు వరకు తిరగవచ్చు, రాత్రి ప్రయాణం ఉందా, సరంగుకు ఏ అర్హత ఉండాలి అన్నవి సంతకానికి ముందే చదువుకోవాలి. పడవ ప్రయాణానికి పనికిరాదని తెలిసీ నదిలోకి పంపితే, ఆ లోపం వల్ల కలిగిన నష్టానికి సంస్థ బాధ్యత వహించదు.

విలువ ఎంతని రాయాలి?

విలువ నిర్ణయంలో రెండు పద్ధతులున్నాయి. మొదటి పద్ధతిలో ఇరుపక్షాలూ పడవ విలువను ముందే అంగీకరించి పాలసీలో రాసుకుంటాయి. పడవ పూర్తిగా పోతే ఆ మొత్తమే ఆధారం. రెండో పద్ధతిలో విలువను తరువాత నిరూపించుకోవాలి. ప్రీమియం తగ్గించుకునేందుకు తక్కువ మొత్తానికి బీమా చేస్తే నష్టపోయేది యజమానే. ఉదాహరణకు 6 లక్షల రూపాయల పడవకు రెండో పద్ధతిలో 4 లక్షలకే బీమా చేశారనుకుందాం. 90 వేల నష్టం జరిగితే దామాషా ప్రకారం దక్కేది 60 వేలే. అందులోనూ యజమాని భరించాలని పాలసీలో రాసుకున్న మొత్తం తగ్గుతుంది.

చిన్న అక్షరాల్లో పెద్ద మెలికలు

విహార పడవల పాలసీల్లో విస్తృతంగా వాడే ప్రామాణిక నిబంధనల ప్రకారం బయట తగిలించే మోటారు ఊడి నీటిలో పడిపోతే పరిహారం రాదు. దానికి దొంగల నుంచి రక్షణగా ప్రత్యేక తాళం లేకపోతే దొంగతనానికీ వర్తించదు. పాత మోటారుపై అరుగుదల కింద మూడో వంతు వరకు కోత పెట్టవచ్చు. గంటకు 17 నాట్లు, అంటే సుమారు 31 కిలోమీటర్ల వేగం మించగల పడవలకు ప్రత్యేక నిబంధనలు వర్తిస్తాయి. పోటీల్లో జరిగే నష్టానికి విడిగా రక్షణ తీసుకోవాలి. సాధారణ అరుగుదల, ఉద్దేశపూర్వకంగా చేసిన నష్టం ఎలాగూ బీమా పరిధిలోకి రావు.

వరద కాలంలో పడవను ఒడ్డున పెట్టే నెలలకు ప్రీమియంలో తగ్గింపు ఉందేమో అడగాలి. కట్టి ఉంచిన పడవ వరదకు కొట్టుకుపోయినా, తుపానుకు దెబ్బతిన్నా రక్షణ ఉందో లేదో స్పష్టంగా రాయించుకోవాలి. ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. అంతవరకు ఆగకుండా ముందే పడవను మెరకకు చేర్చడం యజమాని బాధ్యత.

దాచిపెడితే దక్కదు

పడవ వయసు, పాత ప్రమాదాలు, మార్చిన ఇంజిను, గతంలో తిరస్కరించిన బీమా వంటి వివరాలను ప్రతిపాదన పత్రంలో ఉన్నవి ఉన్నట్లు రాయాలి. ఏజెంటు నింపిన పత్రంపై చదవకుండా సంతకం చేయరాదు. కీలక విషయం దాచినట్లు తేలితే పాలసీనే రద్దు చేసే హక్కు సంస్థకు ఉంటుంది.

ప్రమాదం జరిగితే ముందుగా మనుషులను కాపాడాలి. తరువాత పోలీసులకు, బీమా సంస్థకు వెంటనే సమాచారం ఇవ్వాలి. నష్టం పెరగకుండా చర్యలు తీసుకోవడం యజమాని విధి. అందుకు చేసిన సమంజసమైన ఖర్చును పాలసీని బట్టి కోరవచ్చు. ఫొటోలు తీసి, రసీదులు భద్రపరచి, సర్వేయరు చూసేవరకు మరమ్మతులు చేయించరాదు. సంస్థ క్లెయిమ్‌ను తిరస్కరిస్తే ముందుగా అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. న్యాయం జరగకుంటే, సొంత పేరున పాలసీ ఉన్నవారు ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు.

పాలసీ, నమోదు, తనిఖీ పత్రాల నకళ్లు పడవలోనే కాక ఇంటి వద్ద కూడా ఉంచుకోవాలి. పడవలో ఎక్కిన ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. బీమా పోయిన సొమ్మును తిరిగి ఇవ్వగలదు గాని, పోయిన ప్రాణాన్ని తీసుకురాలేదు.