చిల్లిగవ్వ, వెండి నాణెం: లంబాడీ స్త్రీ వస్త్రంలో ద్రవ్య చరిత్ర

ఉత్తర అమెరికా ఈశాన్య ప్రాంత మూలవాసులు గుల్లలతో చేసిన వాంపమ్ పూసలను పట్టీలుగా అల్లి, ఒప్పందాలకు, సంతాపానికి గుర్తుగా ఇచ్చిపుచ్చుకొనేవారు. నాణేల కొరత ఎదుర్కొన్న ఆంగ్ల వలసదారులు మసాచుసెట్స్‌లో 1637లో ఆ పూసలను చెల్లుబాటు ద్రవ్యంగా గుర్తించి, 1661లో ఆ గుర్తింపును రద్దు చేశారు. ఒకే పూస ఒక సమాజంలో జ్ఞాపకం, మరొక సమాజంలో చిల్లర. తెలంగాణ లంబాడీ స్త్రీల వస్త్రధారణను పరిశీలించేటప్పుడూ ఈ భేదాన్ని గమనించాలి.

లంబాడీల పేటియా (లంగా), కాంచళి (రవిక) మీద అద్దాలతో పాటు గవ్వలు, పూసలు, నాణేలు కనిపిస్తాయి. మాల్దీవుల గవ్వ బెంగాల్, ఒడిశాలలో శతాబ్దాల పాటు ద్రవ్యంగా చెల్లింది. ఈస్టిండియా కంపెనీ శిస్తును వెండి రూపంలో కోరడం ఒడిశాలో 1817 నాటి పైకా తిరుగుబాటుకు ఒక కారణమైంది. అయితే వస్త్రం మీది గవ్వ కూడా ద్రవ్యమేనా? తెలుగు నుడికారంలో 'చిల్లిగవ్వ' విలువలేనిదానికి పేరు. గుడ్డకు కుట్టాలంటే గవ్వకు చిల్లి పెట్టాలి. అంటే అలంకారంగా మారిన గవ్వ మారకపు లెక్క నుంచి తప్పుకొన్నట్లే.

వెండి నాణెం తీరు వేరు. కొక్కెం అతికించినా దాని వెండి విలువ పోదు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ సంచరించిన లంబాడీలకు ఒంటిమీది వెండి వెంట తీసుకుపోగల ఆస్తి. స్థిరనివాస కుటుంబాల్లోని కాసులపేరుకూ ఇదే స్వభావం ఉన్నా, ఆ కుటుంబాల్లో చాలావాటికి భూమి కూడా ఆధారం. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం ప్రారంభమైంది. రైళ్ల విస్తరణతో ఎడ్ల రవాణా క్షీణించింది. హైదరాబాద్ రాజ్యపు హాలీ సిక్కా 1959లో చెల్లుబాటు కోల్పోయింది. కానీ వస్త్రాల మీది వెండి తన విలువను నిలుపుకొంది.

కాబట్టి లంబాడీ వస్త్రాన్ని మారకద్రవ్యం అనడం కంటే, స్త్రీ శరీరం మీద నిలిచిన సంపద నిల్వ అనడం సమంజసం. శిస్తు లెక్కల్లో చోటు దొరకని ఈ ఆస్తికి ఆ వస్త్రమే ఆధారపత్రం. పాత పేటియాను విప్పి వెండిని తూకానికి అమ్మినప్పుడు లోహానికి ధర దక్కుతుంది. ఏ నాణెం ఏ గవ్వ పక్కన, ఏ వరుసలో నిలిచిందన్న సాక్ష్యం మాత్రం చెదిరిపోతుంది.