కల్లు మానితే వచ్చే జబ్బు

కల్లు తాగి పడిపోయినవానిని ఆస్పత్రికి చేర్చడం అందరూ ఎరిగినదే. కల్లు మానినందువల్ల మూర్ఛవచ్చి పడిపోయాడంటే మాత్రం చాలామంది నమ్మరు. తెలంగాణలో 2015లో అదే జరిగింది.

కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాలలో తాటికల్లు, ఈతకల్లు తరతరాలుగా ఉన్నవే. చెట్టునుండి దించిన నీరాలోని చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవి ఆల్కహాలుగా మారుస్తుంది. ఎంత పులిసినా కల్లులో ఆల్కహాలు కొద్దిపాళ్లే. చెట్లు చాలని చోట్ల వ్యాపారులు నీళ్లు కలిపి, తగ్గిన మత్తును మందులతో పూరించసాగారు. క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, ఆల్ప్రజోలాం అటువంటివి.

క్లోరలును 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేశాడు. అది నిద్ర తెప్పిస్తుందని 1869లో లీబ్రైఖ్ చూపాడు. శరీరంలో అది క్లోరోఫారంగా మారుతుందని ఆయన అనుకున్నాడు. ఊహ తప్పు, మందు మాత్రం పనిచేసింది! డయాజిపాం 1963లో వచ్చింది. వైద్యుడు కొలిచి ఇవ్వవలసిన ఈ మందులు కల్లుకుండలో కొలత లేకుండా పడినవి.

మెదడులో గాబా అనే పదార్థం నాడీకణాల ఉద్రేకాన్ని అణచి ఉంచుతుంది. ఆల్కహాలు, పై మందులు దాని బలాన్ని పెంచుతాయి. రోజూ అవి అందుతూంటే మెదడు అందుకు సర్దుకొని, తన సొంత అదుపును సడలిస్తుంది. ఒక్కనాడు అవి ఆగితే అణచేది లేక నాడీకణాలు చెలరేగుతాయి. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు. కొందరికి మూర్ఛలు వస్తాయి, లేనివి కనిపిస్తాయి. ఇంటివారు దయ్యమనో, పిచ్చి అనో అనుకొంటారు. హఠాత్తుగా మానడమే దీనికి కారణమని 1955లో అమెరికాలో ఇస్బెల్ బృందం ప్రయోగపూర్వకంగా నిరూపించింది.

అరవై ఏళ్ల తరువాత, 2015లో ప్రభుత్వం కల్తీకల్లును అరికట్టబూనినప్పుడు, పొరుగునున్న నిజామాబాదులోను, మహబూబునగరంలోను ఆస్పత్రులు ఇటువంటి రోగులతో నిండినవి. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ జనం తరలివచ్చారు. 2020 మార్చిలో కరోనా కట్టడికై దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డలో మళ్లీ అదే రద్దీ.

చికిత్స వింతగా తోచవచ్చును. మూర్ఛపోయినవానిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి సరిచూసి, డయాజిపాం జాతి మందునే కొలిచి ఇస్తారు. తరువాత కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఇందుకు రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. తిండి సరిగా లేనివారికి గ్లూకోజుతోపాటు థయమిన్ విటమిను కూడ అవసరం. అయితే తాను తాగిన కల్లులో ఏమి కలిసిందో, ఎంత కలిసిందో రోగికే తెలియదు. అందుచేత వైద్యుడు లక్షణాలను చూస్తూ మోతాదు నిర్ణయించవలసి ఉంటుంది.

ఆల్కహాలు మానినవారికి మూర్ఛలు సాధారణంగా మొదటి రెండు రోజులలోనే వస్తాయి. ఆదిలాబాదునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. 2008లో ఆదిలాబాదులో రిమ్స్ వైద్యకళాశాల ఏర్పడడంతో అటువంటి రోగికి ఆ దూరం తగ్గినది.