ఒకే తెర మీద ఇద్దరు: ఇబ్రహీంపట్నం దాకా వచ్చిన కాంట్రా

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని ముప్పై కిలోమీటర్లు వస్తే ఇబ్రహీంపట్నం. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరు మోస్తున్న ఊరు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాను ఆయనే. ఊరి పెద్ద చెరువు గురించీ, ఆ సుల్తాను సాహిత్యాభిమానం గురించీ రాసినవాళ్లు ఉన్నారు. 1990లలో రంగారెడ్డి జిల్లా పిల్లల సాయంత్రాలను టీవీ ముందు కట్టిపడేసిన ఆట గురించి మాత్రం రాసినవాళ్లు తక్కువ. రాయదగ్గ చరిత్రే అది.

ఆట పేరు కాంట్రా. జపాన్‌కు చెందిన కొనామి సంస్థ 1987లో దాన్ని ఆర్కేడ్ యంత్రంగా తెచ్చింది. మరుసటి ఏడాదే నింటెండో ఇంటి యంత్రానికి తగ్గట్టు మళ్లీ తయారుచేసింది. జపాన్ కథ ప్రకారం అది 2633వ సంవత్సరం. న్యూజీలాండ్ దగ్గరి గలూగా దీవుల్లో రెడ్ ఫాల్కన్ అనే శత్రుమూక దిగింది. దాన్ని తుదముట్టించడానికి బిల్ రైజర్, లాన్స్ బీన్ అనే ఇద్దరు సైనికులు వెళ్తారు. అడవి, జలపాతం, మంచు మైదానం అన్నీ దాటి, ఎనిమిదో అంచెలో గ్రహాంతర జీవి గుండెను పేల్చితే ఆట ముగుస్తుంది.

ఈ కథ మన దగ్గర ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఆట క్యాసెట్‌తో పాటు పుస్తకం వచ్చేది కాదు కనుక బిల్, లాన్స్ అనే పేర్లూ రాలేదు. నీలం ప్యాంటువాడు ఒకడు, ఎర్ర ప్యాంటువాడు ఒకడు, అంతే. ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ అయితే ఆ తేడా కూడా పోయేది. ఇద్దరి బొమ్మా ఒకటే, మారేది రంగు ఒక్కటే. అలాంటి టీవీ మీద ఆడాలంటే ఒకడు ముందుగా ఓసారి ఎగిరి చూపించాలి, “ఇగో, గిది నేను” అని.

కాంట్రా పట్టు ఎక్కడుందో తెలియాలంటే దాన్ని మారియో పక్కన పెట్టి చూడాలి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లోనూ మారియో, లూయీజీ ఇద్దరున్నారు. కానీ ఒకడు చచ్చేదాకా రెండోవాడు రిమోట్ పట్టుకుని ఊరికే కూర్చోవాలి. బాగా ఆడే అన్న చేతికి మొదటి వంతు వచ్చిందంటే తమ్ముడి సాయంత్రం అయిపోయినట్టే. కాంట్రాలో ఇద్దరూ ఒకేసారి తెర మీద ఉంటారు, పక్కపక్కనే పరిగెత్తుతారు. అలాంటి ఆటలు అంతకు ముందూ ఉన్నాయి. 1986లో టైటో తెచ్చిన బబుల్ బాబుల్‌లో రెండు చిన్న డైనోసార్లు కలిసే ఆడతాయి. అయితే ఒక్క గుండు తగిలితే ప్రాణం పోయే ఆటలో ఇద్దరినీ కలిపి నడిపించడం వేరు.

ఇద్దరి మధ్య తగువు పుట్టించే చోట్లు కూడా ఆటలోనే ఉన్నాయి. ఒకేసారి అయిదు గుండ్లు విసనకర్రలా చిమ్మే ఎస్ గన్ గాల్లో ఎగురుతూ వస్తుంది. ఎవరు ముందు దూకి అందుకుంటే వాళ్లదే. చచ్చిన క్షణమే ఆ గన్ పోతుంది, మళ్లీ మామూలు తుపాకీ. మూడో అంచెలో జలపాతం పక్కన రాళ్ల మీదుగా పైకి ఎక్కాలి. పైనున్నవాడు ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది, కింద చిక్కుకున్నవాడి కాలి కింది రాయి తెరలోంచి జారిపోతుంది, వాడు చచ్చిపోతాడు. “ఆగురా, నేనింకా ఎక్కలే” అన్న కేక వినపడకుండా ఆ అంచె దాటిన జంటలు ఎక్కువ ఉండవు. అన్నిటికన్నా పెద్ద సంగతి అప్పు. ఒకడి లైఫ్‌లన్నీ అయిపోతే రెండోవాడి ఖాతాలోంచి ఒకటి తీసుకుని మళ్లీ దిగవచ్చు. లైఫ్ ఇవ్వడం, లాక్కోవడం, రేపు ఇస్తానని ఒట్టు పెట్టడం, ఆ ఒప్పందాలన్నీ పిల్లలు తామే చేసుకున్నారు.

మరి ఈ ఆట ఇక్కడిదాకా ఎలా వచ్చింది? నింటెండో తన ఇంటి యంత్రం ఫ్యామికామ్‌ను జపాన్‌లో అమ్మకానికి పెట్టింది 1983 జులై 15న. తర్వాత తైవాన్, హాంకాంగ్, చైనా తయారీదారులు దాన్ని చూసి లెక్కలేనన్ని నకళ్లు తీశారు. భారత్‌లో సమురాయ్, లిటిల్ మాస్టర్, మీడియా వంటి పేర్లతో టీవీ గేములు అమ్ముడయ్యాయి. 1991 తర్వాత దిగుమతుల కట్టుబాట్లు సడలడంతో సరుకు ఊపందుకుంది. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ సామానుకు పేరుపడ్డ చోటు. ఇబ్రహీంపట్నం లాంటి ఊళ్లకు అలాంటి నగరపు బజార్ల నుంచి బస్సులో వచ్చే సరుకే దిక్కు. టీవీకి యాంటెన్నా తీగ పీకి ఆ చోట గేమ్ తీగ పెట్టి, చుక్కలు పోయి బొమ్మ కుదురుకునేదాకా చానెల్ తిప్పడం అందరికీ వచ్చిన విద్య.

కొనుక్కోలేని ఇళ్లే ఎక్కువ. వాళ్లకు వీడియో గేమ్ షాపు ఉండేది. ఇరుకు గది, రెండు మూడు టీవీలు, ముందు బల్ల, గంటకింత అని లెక్క. ఇద్దరు ఆడే ఆట కాబట్టి ఇద్దరూ చెరి సగం వేసుకునేవారు. కాంట్రాకు అంత గిరాకీ రావడంలో ఈ లెక్కకూ వాటా ఉందని నమ్మాలి: ఒకరి డబ్బుకు ఇద్దరి ఆట. అయితే ఈ ఆటలో సేవ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. మూడు లైఫ్‌లు, మూడు కంటిన్యూలు. ఏడో అంచెలో ఉండగా కరెంటు పోతే మళ్లీ అడవి నుంచే మొదలు. కోతలు రోజువారీ సంగతైన ఆ రోజుల్లో చివరిదాకా ఆడి గెలవడం చేతి నైపుణ్యం ఒక్కదానితో అయ్యే పని కాదు.

ముప్పై లైఫ్‌ల మంత్రం గురించి చెప్పకుండా ముందుకు పోలేం. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. దీన్ని మొదట పెట్టింది కొనామిలో పనిచేసిన కజుహిసా హషిమోటో, 1986లో గ్రాడియస్ ఆటను ఇంటి యంత్రానికి మారుస్తున్నప్పుడు. పరీక్షించడానికి ఆడుతుంటే ఆట ఆయనకే మరీ కష్టమైంది. 2020 ఫిబ్రవరిలో ఆయన చనిపోయినప్పుడు ప్రపంచమంతా ఆ పది నొక్కులతోనే నివాళి పలికింది. మన దగ్గర చాలామందికి ఆ మంత్రం అవసరమే పడలేదు. కాంట్రా 168 ఇన్ 1 లాంటి నకలు క్యాసెట్లలో ఒకే ఆటను రకరకాలుగా మార్చి వేరువేరు పేర్లతో పేర్చేవారు. ముప్పై లైఫ్‌లతో ఒకటి, ఎస్ గన్‌తో మొదలయ్యేది ఒకటి, నేరుగా అయిదో అంచెలో దిగేది ఒకటి. అసలు ఆట మొత్తం 128 కిలోబైట్లే. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోకు అంతకు ఎన్నో రెట్ల జాగా కావాలి.

పెద్దలకు ఈ షాపులంటే అనుమానం. దానికి కారణం ఉంది. కొన్ని నగరాల్లో వీడియో గేమ్ పేరుతో డబ్బు పందేల యంత్రాలు నడిచాయి. కర్ణాటకలో లైసెన్సు తప్పనిసరి చేయడం మీద వివాదం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1995లో ఎం.జె.శివాని కేసులో, ఇలాంటి వాటిని అదుపు చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని కోర్టు తీర్పిచ్చింది. కాంట్రాలో పందెం లేదు, గెలిస్తే వచ్చే పైసా లేదు. అయినా షాపు ముందు సైకిల్ కనబడితే చాలు, తండ్రి వచ్చి చెవి పట్టుకుని తీసుకుపోయేవాడు.

2000 తర్వాత ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాయి; మంగళ్‌పల్లిలో సీవీఆర్ కాలేజీ 2001లో మొదలైంది. కుర్రాళ్ల చేతిలోకి కంప్యూటర్ వచ్చింది, ఒక్కొక్కరికి ఒక్కో తెర. ఆడేవాళ్ల నగరమే ఆటలు చేసే నగరం కూడా అయింది. 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ తయారుచేసింది. అదే ఏడాది ఇక్కడి గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా’ పేరుతో మన వీధి ఆటలను తెర మీదికి తెచ్చింది. కాంట్రా కూడా ఆగలేదు. 2024 మార్చిలో వచ్చిన ఆపరేషన్ గలూగాలో బిల్, లాన్స్ మళ్లీ అవే దీవులకు వెళ్లారు.

పాత క్యాసెట్ల సంగతి తొందరగా చూడాల్సింది. ఈ నకలు వ్యాపారానికి కంపెనీ కాగితాలు దొరకడం కష్టం. అటక మీది పెట్టెలు, వాటి మీది రంగు లేబుళ్లే ఆధారాలు. లోపల బ్యాటరీ లేదు కాబట్టి చాలా క్యాసెట్లు ఇప్పటికీ పనిచేయవచ్చు. కానీ చౌక క్యాసెట్లలో చిప్‌ను నల్లటి జిగురు ముద్ద కింద కప్పేశారు, అది పోతే బాగుచేయడం దాదాపు అసాధ్యం. అలవాటు కొద్దీ నోటితో ఊదకూడదు, ఉఫ్ అన్నప్పుడు వెళ్లే తడికి రాగి పట్టీలు పాడవుతాయి. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పట్టీలను తుడిచి, ఆరాక పెట్టి చూడాలి.