అటక మీది కుండ, సర్కారు గోదాము తాళం

మేము తమిళ బడిలో చదివినవాళ్ళం. తెలుగు అమ్మ దగ్గర, అవ్వ దగ్గర నేర్చిందే. తప్పులుంటే దిద్దండి.

పోయిన నెల సంఘం కూటంలో ఒక కుర్రాడు లేచి, "తాతా, పాతకాలంలో మనవాళ్ళు గంజాయి ఇంట్లోనే ఆరబెట్టి దాచుకునేవాళ్ళట కదా. అప్పుడు లేని తప్పు ఇప్పుడెలా వచ్చింది?" అని అడిగాడు. పెద్దలు కసిరి కూర్చోబెట్టారు. మాకు అది నచ్చలేదు. అడిగినదానికి జవాబు ఉంది.

దాచుకున్న మాట నిజమే. మా అవ్వ తన అత్తగారి గురించి చెప్పేది: పెరట్లో రెండు మొక్కలు, పూత వచ్చాక కోసి ఆరబెట్టడం, కుండలో పెట్టి గుడ్డ కట్టి అటకెక్కించడం. ఎద్దుకు కడుపులో బాగులేకపోతే కొంచెం తీసేవాళ్ళట. తేమ తగిలితే బూజు పడుతుందని వానాకాలంలో ఆ కుండను పొయ్యి పక్కకు దించేవాళ్ళట. ఇంటి సామానులో అదొకటి, అంతే.

1893లో లండన్ పార్లమెంటులో కేన్ అనే సభ్యుడు ప్రశ్న లేపితే, ఇండియా సర్కారు గంజాయి మీద విచారణకు ఒక కమిషన్ వేసింది. ఏడుగురు సభ్యులు, అందులో ముగ్గురు మనదేశంవాళ్ళు. 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చారు. మన మద్రాసు రాజధానిలో పెరళ్ళలో అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలుండేవనీ, అమ్మకానికి పండించే చోట్లు కొన్నేననీ దాంట్లో ఉంది. కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో సంతరావూరు చుట్టుపక్కల ఊళ్ళు ఒకటి. రెండోది మన జవ్వాదు కొండలు. జోలార్‌పేట మీదుగా రైల్లో పోయేటప్పుడు కనబడతాయే, అవే.

అందరికంటే పెద్ద పంట బెంగాల్లోని నౌగావ్‌లో. ఇప్పుడది బంగ్లాదేశ్. అక్కడ పోతు మొక్కలను గుర్తుపట్టి పీకేయడానికి వేరే మనుషులుండేవారు. కోసిన కొమ్మలను ఎండకు, రాత్రి మంచుకు పరిచి, కుప్పవేసి, మనుషులు కాళ్ళతో తొక్కి చదును చేసేవారు. అది చప్పట గంజాయి. దొర్లించి చేసింది గుండ్ర గంజాయి. రాలిన పొడికి చూర్ అని పేరు. మా అవ్వ అత్తగారి కుండకూ దీనికీ తేడా పనితనంలో లేదు, తాళంలో ఉంది. ఆ సరుకు రైతు ఇంట్లో ఉండకూడదు. సర్కారు గోలాకు, అంటే గోదాముకు చేరాలి. సుంకం కట్టాకే బయటికి రావాలి. నిలవుంటే బలం తగ్గుతుంది కనుక పాతబడిన సరుకు కాల్చేవారు.

కమిషన్ ఏం చెప్పింది? పూర్తిగా నిషేధించడం అవసరం లేదు, మంచిదీ కాదు అంది. లైసెన్సు లేకుండా పండించకూడదు, సుంకం వేయాలి, అంగళ్ళు తగ్గించాలి, ఒక మనిషి దగ్గర ఎంత ఉండొచ్చో హద్దు పెట్టాలి అంది. చూడండి, తాగడం కంటే దాచడం మీదే కన్ను. పెరటి మొక్కకు సుంకం రాదు కదా! మా లెక్కలో అవ్వల కుండ నేరమైంది అక్కడే.

1985లో వచ్చిన మత్తుమందుల చట్టం ఆ గోదామును కూడా మూసేసింది. పూత, కాయ ఉన్న కొసలు గంజాయి. వాటితో కలవని ఆకు, గింజ ఆ లెక్కలోకి రావు. ఇప్పుడు 1 కిలో లోపలైనా నేరమే. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాకుండా జైలు. తమ్ముడూ, చట్టం న్యాయమా కాదా అని నువ్వు వాదించు, మేమూ వింటాం. కానీ అవ్వ కుండ చూపించి కోర్టులో తప్పించుకోలేవు.

మేము పార్సిల్ ఆఫీసులో ఉన్నప్పుడు ఒక రాత్రి గోనెసంచి నుంచి వాసన వచ్చింది. పోలీసులొచ్చి విప్పారు. దానితో వచ్చిన పిల్లవాడు మన తెలుగువాడే. ఎవడో ఐదువందలు ఇస్తానంటే తెచ్చాడట. వాళ్ళ నాయన వకీలుకని మూడెకరాలు అమ్మాడు. ఆయన ఇప్పటికీ మన కూటానికి వస్తాడు, చివరి వరుసలో కూర్చుంటాడు. ఆ రోజు కుర్రాడు ప్రశ్న అడగగానే చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పెద్దలు కసిరింది అందుకే. ఆ సంగతి ఆ కుర్రాడికి తెలియదు.