క్లబ్‌రూట్ తెగులు, నేల ఆమ్లత్వం: హైదరాబాద్ పాతబస్తీ పరిసరాలు

క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, ముల్లంగి, శల్గం, ఆవ పంటల వేళ్లు గదల్లా ఉబ్బి, మొక్క ఎండపొద్దున వాడి, క్రమంగా గిడసబారే తెగులు క్లబ్‌రూట్. దీనికి కారణం ప్లాస్మోడియోఫోరా బ్రాసికే. పాత పుస్తకాలు దీన్ని శిలీంధ్రాల్లో చేర్చాయి. ఇప్పటి వర్గీకరణలో ఇది ప్రోటిస్టు. పేరు పెట్టినవాడు రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ వొరోనిన్. ఏడాదిని కొందరు 1877 అనీ, మరికొందరు 1878 అనీ రాస్తారు. రెండోది జర్మన్‌లో వెలువడిన విపుల వ్యాసం ఏడాది. తొలి ప్రకటన రష్యాలోనే వచ్చింది కనుక 1877నే తీసుకోవడం సబబు. రోమన్ల కాలంలోనే ఈ తెగులు ఉందన్న మాటకు ఆధారాలు పలచన.

నేలలోని సిద్ధబీజాలు వేరు దగ్గర మేల్కొంటాయి, వాటి నుంచి వెలువడే చరబీజాలు మట్టి తడిలో ఈదుతూ వెళ్లి ముందు నూగువేళ్లలోకి, తర్వాత వేరు లోపలి పొరల్లోకి చొరబడతాయి. ఆమ్ల నేల, నిలిచే తడి, 20–25 డిగ్రీల వేడి వీటికి అనుకూలం. ఉదజని సూచికను 7.2 దాకా పెంచేలా సున్నం వేయడం పాత చికిత్స. పనిచేసేది క్షారతా, కాల్షియమా అన్న వాదం నడిచింది. రెండూ కలిసినప్పుడే ఫలితం నిలకడగా ఉంటుందన్న పక్షానికే ప్రయోగాల బలం ఎక్కువ. మెత్తగా పొడి చేసిన సున్నాన్ని నాటుకు కొన్ని వారాల ముందే మట్టిలో బాగా కలియదున్నాలి. ఇసుక నేలకు తక్కువ చాలు, బంకమట్టికి ఎక్కువ కావాలి. సున్నం బీజాలను చంపదు, వేరులోకి చొరబడకుండా అడ్డుకుంటుందంతే. స్వీడన్‌లో జరిగిన ఒక పరిశీలన ప్రకారం నేలలోని బీజాలు సగానికి తగ్గడానికి సుమారు 3.6 ఏళ్లు, దొరకనంతగా తగ్గడానికి 17 ఏళ్లకు పైగా పట్టింది. అందుకే బీజాలు మరీ ఎక్కువగా చేరిన పొలంలో సున్నం ఒక్కటే సరిపోదు.

భారతదేశంలో ఈ తెగులు ప్రస్తావనలు ప్రధానంగా డార్జిలింగ్, నీలగిరి కొండల నుంచీ, పశ్చిమ బెంగాల్ ఆవ చేల నుంచీ వచ్చాయి. తెలుగు ప్రాంతంలో అటువంటి పరిస్థితులకు దగ్గరగా ఉండేవి అరకు, పాడేరు వైపు చల్లని కొండల ఆమ్ల ఎర్రనేలలు.

పాతబస్తీ చుట్టుపక్కల సంగతి వేరు. మీర్ ఆలం మండీకి కూరగాయలు పంపే చేవెళ్ల, షాబాద్ వంటి చోట్ల చల్కా నేలలు సాధారణంగా తటస్థానికి దగ్గర. నల్లరేగడి సున్నపురాళ్లతో క్షారం వైపు మొగ్గుతుంది. మూసీ దిగువన పీర్జాదిగూడ, కాచవాని సింగారం ప్రాంతాల్లో నగర మురుగునీటితో వరి, పశుగ్రాసం, ఆకుకూరలు పండిస్తారు. అక్కడ నేలలో లవణాలు పెరగడాన్ని అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు నమోదు చేశారు. అంటే పుస్తకాలు చెప్పే 7.2 ఇక్కడి చాలా పొలాల్లో సున్నం వేయకుండానే ఉంటుంది. దాని మీద మళ్లీ సున్నం గుమ్మరిస్తే జింకు, ఇనుము, బోరాన్ మొక్కకు అందవు. బోరాన్ లోపిస్తే కాలీఫ్లవర్ గడ్డ గోధుమరంగుకు తిరిగి, కాండం బోలుపడుతుంది. ఆమ్ల నేలలో మాత్రం సున్నం మాలిబ్డినం అందేలా చేసి, ఆకు సన్నబడి కొరడాలా మారే లోపాన్ని కూడా సరిచేస్తుంది. చౌడు పొలానికి కాల్షియం కావాలంటే, భూసార పరీక్ష తర్వాత, జిప్సం తగినది.

ఇక్కడ ఉబ్బిన వేరు కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది వేరుబుడిపె నులిపురుగును. దాని బుడిపెలు చిన్నవి, పూసల్లా వరుసగా ఉంటాయి. క్లబ్‌రూట్‌లో వేరంతా కండెలా లావెక్కి, తర్వాత కుళ్లి వాసన వేస్తుంది. ముల్లంగి, శల్గం వంటి దుంప పంటల్లో ఈ తేడా పోల్చడం కష్టం, పక్కవేళ్లను చూడాలి. నారుమడిలో వచ్చే నారుకుళ్లు సంగతికొస్తే, దానికి కారణమైన పిథియం, రైజోక్టోనియాలకు క్షారనేల పెద్ద అడ్డంకి కాదు. వాటికి ఎత్తైన మడి, నీరు నిలవకపోవడం, ట్రైకోడెర్మా ముఖ్యం. ఏప్రిల్, మే ఎండల్లో తడిపిన నారుమడిపై పారదర్శక ప్లాస్టిక్ పరచి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే నులిపురుగులూ తగ్గుతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1980లలో ఈ పద్ధతిని కంది, శనగ ఎండుతెగులుపై పరీక్షించింది. క్యాబేజీ నారుకు అదే సూత్రం వర్తిస్తుంది. ఈ ప్రాంతానికి క్లబ్‌రూట్ చేరే దారి ఏదైనా ఉంటే అది ఎక్కువగా కొండ ప్రాంతాల నుంచి మట్టితో సహా తెచ్చే నారే కావచ్చు. కొబ్బరిపొట్టు నింపిన ప్రోట్రేలలో స్థానికంగా పెంచిన నారుకు ఆ బెడద తక్కువ.